కూరగాయే కత్తి దగ్గరికొస్తుంది!

ఉల్లిపాయ, బెండకాయ, తోటకూర, కంద, పనస... వంట ఏదైనా మొదలయ్యేది తరగడంతోనే. పొయ్యి వెలిగించడం ఎంత, నిమిషం పని. దానికి ముందు అరగంటసేపు ఎవరు కూర్చున్నారు, దేనితో తరిగారు అని మాత్రం ఎవరూ అడగరు. ఒకప్పుడు ఆ అరగంటకు తోడు కత్తిపీట. ఇప్పుడు గట్టు మీద తాడు లాగే చాపర్. శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస, ఉద్దానం తీరంలో ఈ రెండింటి మధ్య ఓ ఆసక్తికరమైన పోటీ నడుస్తోంది. ఎందుకంటే ఇక్కడ తరగాల్సినవి ఉల్లిపాయలూ టొమాటోలూ మాత్రమే కాదు. పాలుకారే పనస ఉంది, చేతులు కాల్చే జీడిపిక్క ఉంది. మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారి కోసం ప్రత్యేకంగా తరిగే కూర కూడా ఉంది.

కప్పు లేని దేవుడి ఊళ్ళో...

టెక్కలికి దగ్గర్లో ఉంటుంది రావివలస. ఎండల మల్లికార్జునస్వామి కొలువైన ఊరు. నెత్తిన కప్పు లేకుండా ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉండే పెద్ద శివలింగం ఇక్కడి ప్రత్యేకత. అందుకే స్వామికి ఆ పేరు. కార్తీకమాసం వచ్చిందంటే సోమవారాల్లో జిల్లా నలుమూలల నుంచీ భక్తులు ఇక్కడికి చేరతారు.

కార్తీకమంటే మన ఇళ్ళలో ఇంకో అర్థం కూడా ఉంది. నీచు బంద్. చాలా ఇళ్ళలో ఉల్లీ వెల్లుల్లీ కూడా బంద్. అంటే ఆ నెలంతా గుమ్మడి, కంద, అరటికాయ, చిక్కుడు, బీర, ఆకుకూరలదే రాజ్యం. పైగా వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద వంద మందికి వంట అంటే ముందు కావలసింది గాడిపొయ్యి కాదు, నాలుగైదు కత్తిపీటలూ వాటి ముందు కూర్చునే మనుషులూ! పెద్ద గుమ్మడికాయ పగలగొట్టడం ఒకరి వంతు, కంద చెక్కు తీయడం ఇంకొకరి వంతు. చేతులు పని చేస్తుంటే నోళ్ళు ఊళ్ళో కబుర్లన్నీ తిరగేస్తాయి. పెళ్ళిళ్ళకూ అంతే. ముందురోజు రాత్రి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి కూరగాయలు తరిగిపెట్టేవారు. కేటరింగ్ వచ్చాక పిలుపు భోజనానికే పరిమితమైంది, తరగడానికి పిలవడం తగ్గిపోయింది.

కత్తి కదలదు... కాయ కదులుతుంది

ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకొచ్చి ముల్లు మీద పడ్డా నష్టం అరిటాకుకే అంటారు. తెగే కాయకూ అంతే. కానీ తరిగే మనిషికి మాత్రం చాలా తేడా ఉంది. చాకుతో తరిగేటప్పుడు ఒక చేయి కాయను పట్టుకుంటుంది, రెండో చేయి కత్తిని ఆడిస్తుంది. కత్తిపీట దగ్గర లెక్క మారిపోతుంది. కత్తి పీటకు బిగించి ఉంటుంది. పీట మీద కాలు వేసి కూర్చుంటే మన బరువే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. రెండు చేతులూ ఖాళీ. కాయను రెండు వైపులా పట్టుకుని కత్తి మీదికి నెట్టడమే.

రెండు చేతులా పట్టుకోవచ్చు కాబట్టే కొబ్బరికాయంత గుమ్మడైనా, మూరెడు సొరకాయైనా, గుప్పెడు గోంగూరైనా దానికి ఒకటే. చెక్కబల్ల అక్కర్లేదు. ముక్కలు తిన్నగా కింద పెట్టిన నీళ్ళ గిన్నెలోనే పడతాయి. వంకాయ, అరటికాయ లాంటివి గాలి తగిలి నల్లబడకుండా ఇదొక సులువు.

కత్తి అంచు కొడవలిలా వంపు తిరిగి ఉండటానికీ కారణముంది. టొమాటో మీద కత్తిని తిన్నగా నొక్కితే నలుగుతుంది. అదే జారుస్తూ కోస్తే తోలు హాయిగా తెగుతుంది. నొక్కడం తక్కువై జారడం ఎక్కువైన కొద్దీ తెగడానికి కావలసిన బలం తగ్గుతుంది. వంపున్న అంచు మీదికి కాయను నెట్టినప్పుడు అది తనంతట తనే కొంచెం జారుతూ తెగుతుంది. అమ్మమ్మలకు ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు, కమ్మరికీ చెప్పలేదు. తరాల వాడకంలో కత్తికి ఆ వంపు కుదిరింది, అంతే.

కత్తి చివరన గుండ్రంగా పళ్ళున్న కోరు కూడా ఉంటే ఒకే పీట మీద రెండు పనులు. కాయ తరగడం, కొబ్బరి కోరడం. కొబ్బరితోటల సీమ ఉద్దానంలో కోరు లేని కత్తిపీట ఉంటే ఎంత, లేకుంటే ఎంత!

పేర్లు వేరు, పీట ఒకటే

కత్తిపీట మన ఒక్కళ్ళదే అనుకుంటే పొరపాటే. మనలోనే కొన్ని ప్రాంతాల్లో దీన్ని ఈలపీట అంటారు. కన్నడంలో ఈళిగె మణె. తమిళంలో అరివాళ్మణై. మరాఠీలో విళీ. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే పనికి. ఇంకొంచెం పైకి వెళ్తే బెంగాలీల బోటి. అక్కడ చేపలు కోయడానికి వేరేగా ఒకటి, కూరగాయలకు ఇంకొకటి పెట్టుకునే ఇళ్ళున్నాయి. 19వ శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ చిత్రకారులు గీసిన బొమ్మల్లో బోటి ముందు కూర్చుని చేప కోస్తున్న ఇల్లాలు కనిపిస్తుంది. బెంగాలీ వంటల మీద విస్తృతంగా రాసిన చిత్రితా బెనర్జీ 2001లో ప్రత్యేకంగా ఈ బోటి మీదే ఓ వ్యాసం రాశారు.

మన తీరంలోనూ చేపల బజారుకి వెళ్ళి చూడండి. వంటింట్లోంచి కత్తిపీట తప్పుకుందేమో కానీ, ఇక్కడ ఇంకా దర్జాగా కూర్చునే ఉంది. పెద్ద పీట, వెడల్పాటి కత్తి, పక్కన చేప జారకుండా చేతులకు రాసుకునే బూడిద. కిలో చేపను నిమిషాల్లో ముక్కలు చేసి సంచిలో వేసే పనితనం ముందు ఏ గ్యాడ్జెట్టూ నిలవదు.

పొయ్యి లేచింది... పీట పోయింది

ఇంతకీ ఇంత మంచి సాధనం అటకెందుకు ఎక్కింది?

చాపర్ రావడం వల్ల కాదు. అంతకు ముందే పొయ్యి నేల మీంచి లేచి నిలబడింది! కట్టెలపొయ్యి నేల మీద ఉన్నన్నాళ్ళూ వండేవాళ్ళూ నేల మీదే ఉన్నారు. కూర్చునే తరిగారు, కూర్చునే రుబ్బారు, కూర్చునే వండారు. గ్యాస్ బండ వచ్చాక పొయ్యి గట్టెక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు 1న ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 పథకం మొదలైంది కూడా ఈ జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో.

పొగ తప్పింది, కళ్ళమంట తప్పింది. అది చిన్న విషయం కాదు. అయితే పొయ్యి దగ్గర నిలబడి, తరగడానికి కిందికి దిగి, మళ్ళీ లేచి... ఇన్నిసార్లు దిగడం ఎక్కడం ఎవరి వల్లవుతుంది? అందులోనూ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు? అందుకే గట్టు మీద చెక్కబల్లా చాకూ చేరాయి. కత్తిపీట మెల్లగా మంచం కిందికీ, అక్కణ్ణుంచి అటక మీదికీ వెళ్ళింది. ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ భయం ఒకటి. నిలబెట్టిన కత్తిపీటను దాటకూడదని పెద్దలు పెట్టిన ఆంక్షలో మూఢనమ్మకం కంటే ముందుచూపే ఎక్కువ.

తాడు లాగితే తురుమే!

ఆ ఖాళీలోకి వచ్చింది చాపర్. ప్లాస్టిక్ గిన్నె, లోపల మెట్లు మెట్లుగా మూడు బ్లేడ్లు, మూతలో చుట్టిన తాడు. ముక్కలు వేసి, మూత బిగించి, తాడు లాగితే బ్లేడ్లు గిర్రున తిరుగుతాయి. వదిలితే మూతలోని స్ప్రింగు తాడును మళ్ళీ చుట్టేస్తుంది. నాలుగు సార్లు లాగితే పలుకులు, పది సార్లు లాగితే దాదాపు ముద్ద. కరెంటు అక్కర్లేదు. కోతలు అలవాటైన ఊళ్ళకు ఇదే దాని పెద్ద గొప్ప.

ఇలాంటి సాధనాల వెనక పెద్ద కథే ఉంది. అమెరికాలో శామ్యూల్ పొపీల్ అనే ఆయన 1950ల్లో చాప్-ఓ-మ్యాటిక్ అనే చేతి చాపర్ తయారుచేశారు. కూరగాయల మీద పెట్టి పైన కొడుతుంటే కింద బ్లేడ్లు తరుగుతాయి. ఆయన కొడుకు రాన్ పొపీల్ దుకాణాల్లో నిలబడి దాన్ని చేసి చూపిస్తూ అమ్మేవారు. చిక్కల్లా ఒక్కటే. చూపించడానికి రోజూ బస్తాల కొద్దీ కూరగాయలు మోసుకెళ్ళాలి! ఆ బాధ పడలేక ఒక్కసారి తరగడాన్ని ఫిల్ము తీసి టీవీలో వేశారు. మనం అర్ధరాత్రి టీవీలో చూసే ‘ఇప్పుడే ఫోన్ చేయండి’ ప్రకటనలకు మూలపురుషుల్లో ఆయనా ఒకరు. 2021లో కన్నుమూశారు. మన ఎగ్జిబిషన్లలో క్యారెట్ గులాబీలు చేసి చూపించే కుర్రాడి వాక్చాతుర్యానికీ ఆయనకీ ఎక్కడో చుట్టరికం ఉంది.

మన దేశంలో 1963లో సుమీత్ మిక్సీ వచ్చినప్పుడు రోలు మూలకెళ్ళింది. అది కరెంటు యంత్రం చేసిన మార్పు. చాపర్ తెచ్చింది చిన్న మార్పే అయినా చేరింది మాత్రం దూరదూర పల్లెలకు. రెండు మూడు వందల రూపాయల్లో దొరకడం, సంతలోనూ తీర్థాల్లోనూ దుకాణాల్లోనూ కనిపించడం దానికి కలిసొచ్చింది.

పనస పెట్టే పరీక్ష

ఆమ్లెట్‌కి ఉల్లి పలుకులు, పచ్చిమిర్చి, పచ్చడికి టొమాటో, పెరుగుచట్నీకి క్యారెట్... వీటిలో చాపర్‌కి తిరుగులేదు. చెయ్యి మంట ఉండదు, వేలు తెగదు. చిన్నపిల్లలు కూడా సరదాగా తాడు లాగుతారు. కానీ ఉద్దానం తోటల్లోకి వెళ్దాం రండి. అసలు పరీక్ష అక్కడుంది.

ఉద్యానవనంలాంటి ప్రాంతం కనకే ఉద్దానం అనే పేరొచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. వాటి నీడన అరటి, కంద, మునగ. లేత పనసకాయలు ఇక్కణ్ణుంచి లారీలెక్కి ఒడిశాకూ అటుపైనున్న రాష్ట్రాలకూ వెళ్తాయి.

పనసకాయను తాడు చాపర్‌లో వేయగలరా? కోస్తే జిగురు పాలు. చేతికి అంటుకుంటే సబ్బుతో పోవు. అందుకే ముందు చేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు. ముళ్ళ తొక్కను మందంగా చెక్కి, మధ్యలో గట్టి ఊచ తీసేసి, ముక్కల్ని పసుపు నీళ్ళలో వేస్తారు. అంత పెద్ద కాయను రెండు చేతులా పట్టుకోవాలి, బలంగా నెట్టాలి. ఆ పని కత్తిపీటకే చెల్లు. పనసపొట్టు కొట్టాలంటే పెద్ద కత్తి, లేదంటే కత్తిపీట. కంద కూడా అంతే. గట్టిదుంప, పైగా చేతులు దురద. అరటిదవ్వ చక్రాలుగా కోస్తూ వేలికి నార చుట్టుకునే నేర్పు ఏ మూతలోని స్ప్రింగుకీ రాదు. ఆకుకూర చాపర్‌లో వేస్తే సన్నగా తెగడం మాట అటుంచి నలిగి నీరు కారుతుంది.

ఈ చెట్ల గురించి చెప్పుకున్నప్పుడు ఉద్దానం మర్చిపోలేని తేదీ ఒకటుంది. 2018 అక్టోబరు 11. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం తాకిన పైలిన్ దెబ్బ ఎలాగూ ఉంది. తిత్లీకి దశాబ్దాల వయసున్న కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా కూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు ఆగాలి. అన్నాళ్ళూ కోరుకీ కత్తికీ పని తగ్గిందంటే అది వంటింటి సంగతి మాత్రమే కాదు, ఆ ఇంటి రాబడి సంగతి.

కాలితో నొక్కే కత్తి

తరగడమే జీవనాధారమైన ఊరు ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. పలాస-కాశీబుగ్గ. జీడిపప్పుకి పెట్టింది పేరు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ వెంట మన దేశానికొచ్చిన జీడిమామిడి ఈ ఇసుకనేలల్లో పాతుకుపోయింది. దాని చుట్టూ వందల కొద్దీ ప్రాసెసింగ్ యూనిట్లు లేచాయి. వాటిలో పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

జీడిపిక్కను కత్తిపీట మీద కోయలేం. పెంకు గట్టిది. దాని పొరల మధ్య జీడినూనె ఉంటుంది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది, కాలిన మచ్చలు పడతాయి. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి ఈ కుటుంబానిదే. ఒకప్పుడు పిక్కల్ని కాల్చి సుత్తితో కొట్టి పప్పు తీసేవారు. తర్వాత ఆవిరి మీద ఉడకబెట్టి, ఆరబెట్టి, కట్టింగ్ మిషన్ మీద కోసే పద్ధతి వచ్చింది.

ఈ మిషన్ కూడా కత్తిపీటకు తమ్ముడి వరసే. బల్లకు బిగించిన రెండు కత్తులు, జీడిపిక్క వంపుకి సరిపోయేలా వంగి ఉంటాయి. చేత్తో పిక్కను మధ్యలో నిలబెట్టి కాలితో పెడల్ నొక్కితే రెండు వైపుల నుంచీ పెంకు తెగుతుంది. చేతిమీటను కదిపితే పెంకు రెండుగా విచ్చుకుంటుంది. కాలు కాస్త ఎక్కువ నొక్కితే కత్తి పప్పులో దిగుతుంది. తక్కువైతే పెంకు విడదు. ఆ మధ్యస్థం కాలికి తెలియాలి!

ఎందుకంటే గుండుకీ బద్దకీ ధరలో చాలా తేడా. విరగని పప్పుని సైజుని బట్టి గ్రేడులుగా విడదీస్తారు. డబ్ల్యూ-180, డబ్ల్యూ-210, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని డబ్బాల మీద చూసే ఉంటారు. ఆ అంకె ఒక పౌను బరువుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె చిన్నదయ్యే కొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. పెళ్ళి పాయసంలో నిండుగా తేలే ఒక్కో గుండు వెనక, సరిగ్గా అంతే నొక్కిన ఒక కాలుంది. నూనె, బూడిద రాసుకున్నా మచ్చలు పడిన ఒక చేయి ఉంది.

జీడి పనిలో కిలోల లెక్కన కూలి కట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఎంత కోస్తే అంత. ఇప్పుడు ఆటోమేటిక్ కట్టింగ్ మిషన్లు వచ్చాయి. బొబ్బలు తగ్గాయనుకుంటే సంతోషమే. దానితోపాటే చేతిపని తగ్గింది అన్నది ఇంకో నిజం. వంటింట్లో కత్తి మారితే మిగిలేది అరగంట. కార్ఖానాలో కత్తి మారితే మిగిలేదీ పోయేదీ కూలి. పరికరం మంచిదా కాదా అన్న ప్రశ్నకు రెండు చోట్లా ఒకే జవాబుండదు.

ముక్క సైజు... ప్రాణానికి సంబంధించిన లెక్క

ఉద్దానం పేరు చెప్పగానే కొబ్బరితోటల కంటే ముందు కిడ్నీ జబ్బు గుర్తుకొచ్చే పరిస్థితి ఎప్పుడో వచ్చేసింది. మధుమేహం, రక్తపోటు లాంటి మామూలు కారణాలతో ముడిపెట్టలేని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇక్కడి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు అందించే పథకమూ అదే రోజు మొదలైంది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మిగతా వైద్యం వంటింట్లోనే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నప్పుడు ఒంట్లో పొటాషియం పేరుకుపోతుంది. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. అందుకే రక్తపరీక్ష చూసి కొందరికి పొటాషియం తగ్గించమంటారు డాక్టర్లు. ఆ జాబితాలో ఏముంటాయో చూడండి... కొబ్బరినీళ్ళు, అరటిపండు, కంద, ఆకుకూరలు. పెరటి చెట్టుకు గెల వేలాడుతున్నా బొండం కొట్టుకు తాగకూడదు. కొబ్బరిసీమలో ఇంతకంటే కష్టమైన పథ్యం ఏముంటుంది!

ఇక్కడే తరగడం మందులో సగమవుతుంది. కూరగాయల్లోని పొటాషియం నీళ్ళలో కరుగుతుంది. చిన్న ముక్కలు చేసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. బంగాళాదుంపల మీద 2008లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఘనాల్లాంటి ముక్కలు కోసి ఉడికిస్తే సుమారు సగం పొటాషియం తగ్గింది. అదే సన్నగా తురిమి ఉడికిస్తే దాదాపు 75 శాతం తగ్గింది. ఉడికించకుండా ఊరికే నానబెడితే మాత్రం పెద్దగా లాభం కనిపించలేదు. అంటే ముక్క ఎంత చిన్నదైతే అంత మేలు, నానబెట్టడంతో ఆగకుండా ఉడికించడం ముఖ్యం.

ఇలాంటి ఇళ్ళలో తాడు చాపర్ సరదా వస్తువు కాదు. నీరసంతో కూర్చోలేని మనిషి, డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చి అలసిపోయిన ఇల్లాలు... వాళ్ళకి రెండు నిమిషాల్లో సన్నటి తురుము చేతికందితే అదే పదివేలు. అయితే ఈ పద్ధతి అందరికీ కాదు. ఉడికిన నీళ్ళతోపాటు విటమిన్లూ పోతాయి. జబ్బు లేనివాళ్ళు కాయను ముందు కడిగి తర్వాత కోసుకోవాలి, ఉడికిన నీళ్ళు కూరలోనే ఇగరనివ్వాలి. జబ్బున్నవాళ్ళు ఏది ఎంత తినాలో చెప్పాల్సింది వాళ్ళ డాక్టరే. ఇంకో జాగ్రత్త. ఉప్పుకు బదులంటూ అమ్మే కొన్ని ‘తక్కువ సోడియం’ ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. డాక్టర్ని అడక్కుండా వాటి జోలికెళ్ళొద్దు.

ఉల్లి ఎందుకు ఏడిపిస్తుంది?

ఉల్లిని కోసినప్పుడు కణాలు చిట్లి, వాటిలోని ఎంజైములు పనిచేసి కళ్ళు మండించే వాయువు పుడుతుంది. కన్నీరు తెప్పించే ఆ ప్రత్యేకమైన ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు. దానికి పదకొండేళ్ళ తర్వాత వాళ్ళకి ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది.

2025లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. కత్తి మొద్దుబారితే ఉల్లిపొర ముందు వంగి, తర్వాత ఒక్కసారిగా చిట్లి రసం తుంపరలుగా ఎగురుతుంది. పదునైన కత్తితో నెమ్మదిగా కోస్తే తుంపరలు తక్కువ. ‘సాన పట్టించుకోరాదూ’ అని అత్తగారు సణిగితే ఇకమీదట విసుక్కోకండి. ఆవిడ మాటకు సైన్సు మద్దతుంది!

ఏది దేనికి?

* కత్తిపీట: పనస, కంద, గుమ్మడి, సొర, అరటిదవ్వ, అరటిపువ్వు, ఆకుకూరలు, చేపలు, కొబ్బరి. ఎక్కువమందికి వంటయితే ఇదే.

* తాడు చాపర్: ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం, క్యారెట్, టొమాటో. తక్కువ మోతాదు, సన్నటి పలుకులు. గిన్నెలో సగానికి మించి వేయకూడదు. పెద్ద ముక్కలు వేసి బలంగా లాగితే తాడు తెగుతుంది. తాడును నిలువుగా కాకుండా అడ్డంగా, తిన్నగా లాగాలి.

* గట్టుకు బిగించే కత్తిపీట: మోకాళ్ళ నొప్పులున్నవారికి. నిలబడి తరగొచ్చు. మడిచిపెట్టే రకమైతే పని కాగానే కత్తి లోపలికి వెళ్ళిపోతుంది.

* కొనేటప్పుడు: పీట బరువుగా, వెడల్పుగా ఉండాలి. కత్తి బిగింపు ఊగకూడదు. ఇనుప కత్తికి పదును బాగా నిలుస్తుంది, కానీ వంకాయ, అరటికాయల్లోని వగరు ఇనుముతో కలిసి ముక్కలు నల్లబడతాయి. వాడగానే కడిగి, తుడిచి, చుక్క నూనె రాస్తే తుప్పు పట్టదు. స్టీలు కత్తికి ఆ బాధ లేదు.

* ఇంట్లో పిల్లలుంటే: కత్తిపీటను ఎప్పుడూ పక్కకి పడుకోబెట్టి, కత్తి గోడవైపు ఉండేలా పెట్టండి. చాపర్ బ్లేడ్లను చేత్తో తడిమి కడగొద్దు. నీళ్ళు పోసి రెండుసార్లు తాడు లాగితే చాలావరకు శుభ్రమవుతుంది. చివరగా బ్రష్షు వాడండి.

* పదును: మొద్దు కత్తే ఎక్కువ ప్రమాదం. బలం పెట్టి నెట్టినప్పుడే చేయి జారేది.

ఎవరు తరగాలి?

కత్తిపీట, చాపర్, మిక్సీ... ఏది వచ్చినా ఒక సంగతి మాత్రం పెద్దగా మారలేదు. పీట మీద కూర్చున్నదీ, తాడు లాగుతున్నదీ, జీడి మిషన్ పెడల్ నొక్కుతున్నదీ ఎక్కువగా ఆడవాళ్ళే. చాపర్ వచ్చిందని, ఐదు నిమిషాల్లో అయిపోతుందని ఆ పనికి విలువ తగ్గిపోయింది తప్ప మనిషి మారలేదు. వనభోజనాల్లో కాయలు కొట్టడానికి ముందుకొచ్చే మగవాళ్ళు ఇంట్లో ఎందుకు రారు అన్న ప్రశ్నకు ఏ కంపెనీ గ్యాడ్జెట్ తయారుచేయలేదు. అయినా తాడు లాగడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు కదా!

కాబట్టి ఒక పని చేయండి. అటక మీది కత్తిపీటను కిందికి దించండి. తుప్పు వదిలించి, సాన పట్టించండి. పిల్లలకి దూరం నుంచే చూపించి అదేమిటో, ఎలా పనిచేస్తుందో చెప్పండి. పనస దొరికితే పనస, దొరక్కపోతే గుమ్మడి. చాపర్‌ని కూడా పక్కనే పెట్టుకోండి, ఉల్లికి పనికొస్తుంది. ఈ ఆదివారం పీట మీద ఎవరు కూర్చోవాలో, తాడు ఎవరు లాగాలో మాత్రం ఇంట్లో అందరూ కలిసి తేల్చుకోండి. రోజూ కూర్చునేవాళ్ళకి ఆ అరగంట సెలవిచ్చి మరీ!